మంగళవారం బండ మీద

నాకు చదువు రాదు. పేరు గీసుకోవడం ఒక్కటి వచ్చు. నేను చెబుతుంటే రాసేవాళ్లు రాస్తున్నారు. ఇందులో ఎక్కడైనా మెత్తదనం కనబడితే అది రాసిన చేతిది, నాది కాదు.

మా ఊరు వనపర్తి నుంచి శ్రీరంగాపూర్ పోయే తోవకు కొంచెం లోపల ఉంటుంది. నా మొగుడు కాలువ పనికని బొంబాయి దిక్కు పోయి, అక్కడే మట్టిపెళ్ల కింద పడి చచ్చిపోయాడు. అప్పటికి నాకు ఒక్క ఆడపిల్ల. బోరు కింద కొంత వరిమడి, దానికి పైన పల్లీ వేసే చెలక. మా మామ బతికుండగానే అన్నదమ్ములిద్దరికీ పంచి ఇచ్చిన భూమి అది. పక్క వంతు మా మరిదిది. ఇండ్లు కూడా ఎదురెదురు. నా వాకిట్లో బట్టలుతికే బండ ఒకటి ఉంది. దాని మీద కూర్చుంటే సరిగ్గా వాళ్ల గడప కనబడుతుంది.

దినాలు అయిపోయిన మరునాడు చావడి ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. మగదిక్కు లేని ఇంటి భూమిని ఎవరు చూడాలన్నది మాట. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని స్తంభం పక్కన కూర్చున్నాను. మా మరిది లేచి నిలబడి, అందరికీ దండం పెట్టి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"చెలక, మడి వదినెనే చేసుకోనీయుండ్రి. నేనేం వద్దంటలేను. కాళ్ల మీద నిలబడ్డన్ని దినాలు ఆమెదే. నిలబడరాని దినం ఒకటి వస్తది గద, ఆ దినం నుంచి నేను చూసుకుంట. ఆమెకు ఇంత బువ్వ నేనే పెడ్త."

వింటే ఎంత బాగుంది. అందరూ తలలూపారు. తర్వాత కూర్చుంటూ పక్కవాడికి చెప్పినట్టుగా, కానీ అందరికీ వినబడేటట్టుగా ఇంకో మాట అన్నాడు.

"వాళ్లమ్మను చూసిండ్రు గద? నేలను వాసన చూసుకుంట నడుస్తది. ఈమె గుడ గా ఇత్తనమే. ఎన్నేండ్లు పడ్తది?"

కొందరు నవ్వారు. చావడి పక్కన మిషను పెట్టుకుని బట్టలు కుట్టే సాయబు చిచ్చా ఒక్కడు నవ్వలేదు. ఆయన కూడా పెద్దమనుషుల్లో ఒకడు. అయినా మాట మాటే. మా ఊర్లో నలుగురి ముందు అన్న మాటను ఎవరూ దాటరు. అది ఆ రోజు నుంచి నా మెడకు తాడు.

మా అమ్మ సంగతి నిజమే. గద్వాల దగ్గర మా పుట్టినిల్లు. అమ్మ నడుం ఏటేటా వంగుతూ వంగుతూ, ఆఖరికి మనుషుల ముఖాలు చూడడం మానేసింది. ఎవరు వచ్చారో పాదాలను చూసి చెప్పేది. నేను పోతే నా మట్టెలు చూసి "వచ్చినవా" అనేది. నా మొగుడు పోయాక వెళ్లినప్పుడు మట్టెలు లేని వేళ్లు చూసి, ఎవరమ్మా నువ్వు అని అడిగింది. ఆ ముసలిదాన్ని పట్టుకుని వాడు నవ్వాడు. అది నేను మరిచిపోలేదు. మరిచిపోకూడదని రోజూ గుర్తుచేసుకునేదాన్ని.

వాడు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గాని, నాలో అప్పటికే కొంత పాడైపోయి ఉంది. ముప్పై దాటీ దాటకముందే నాకు పెద్దాపరేషన్ అయింది. అప్పట్లో ఆటోలో ఊరూరు తిరిగి ఆడవాళ్లను ఆస్పత్రులకు తీసుకుపోయేవాళ్లు ఉండేవాళ్లు. కడుపులో నొప్పి అంటే చాలు, గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది అనేవాళ్లు. మా వీధిలో నా ఈడు ఆడవాళ్లు సగం మంది అట్లా పోయి వచ్చినవాళ్లమే. పిల్లలు చాలు కదా, ఇంక దాంతో పనేముంది అని మమ్మల్ని మేమే సముదాయించుకున్నాం. సంచితో పాటు పక్కనున్న అండాశయాలు కూడా తీశారని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. పడుచుదాని చీరలో ముసలిదాని ఒళ్లు వచ్చి చేరినట్టు అయింది. చలికాలంలో కూడా ఒంట్లో ఆవిర్లు. నడుములో, మోకాళ్లలో పోట్లు.

ఆ పోట్లకు సంత మందు తిన్నాం. మా పక్క ఊరి సంత మంగళవారం. అక్కడ గొడుగు కింద కూర్చుని ఒకాయన కాగితం పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. ఒక ఎర్ర గోలీ, ఒక పచ్చ గోలీ, మధ్యలో మెంతిగింజంత తెల్ల గోలీ. మూడు పూటలు వేసుకుంటే నొప్పి ఎక్కడికి పోయిందో తెలిసేది కాదు. ముఖం గుండ్రంగా వచ్చేది. బుగ్గలు ఉబ్బేవి. దాన్ని చూసి మేము రక్తం పట్టింది అనుకునేవాళ్లం. మా ఊర్లో ఎవరైనా బాగున్నారా లేదా అన్నది బుగ్గల్లోనే చూస్తారు. బుగ్గ నిండితే మందు మంచిది, మందు ఇచ్చినవాడు మంచివాడు. మా మరిది కూడా అదే తినేవాడు. పల్లీ సంచులు లేపే రోజుల్లో పొట్లం విప్పి నోట్లో పోసుకుని, నా ముఖం పున్నమి చంద్రుడు లెక్క ఉంది చూడండి అని ఊరంతా తిరిగేవాడు.

నాట్ల కాలంలో ఒకనాడు గట్టు మీద కాలు జారింది. పెద్దగా పడింది కూడా లేదు. చెయ్యి నేలకు ఆనించానంతే. మణికట్టు కొమ్మ విరిగినట్టు విరిగింది. ఊర్లో పసరు కట్టు కట్టించుకున్నాను. చెయ్యి వంకర పోయింది. సాయంత్రం మా మరిది చూడవచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. కట్టు కట్టిన చేతి దిక్కు చూడనేలేదు. నా కాళ్లను చూశాడు.

"కాళ్లు మంచిగనే ఉన్నయా, వదినే?"

అంతే అడిగాడు. అడిగి పోయాడు. సంత రోజు బేరం చేయడానికి వచ్చినవాడు ఎద్దు కాళ్లను అట్లాగే చూస్తాడు.

మరునాడే బస్సెక్కి వనపర్తి సర్కారు దవాఖానకు పోయాను. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. పసరు కట్టు కోసేసి, ఎముక ఫోటో తీయించి, చేతిని సరిచేసి తెల్ల పట్టీ వేసింది. ఆ నొప్పికి నేను ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఏమీ అనుకోలేదు. ఎట్లా పడ్డావు అని అడిగింది. చెప్పాను. ఇంత చిన్నగా పడితే ఈ ఎముక విరగకూడదే అంది. తర్వాత ఒకటొకటిగా అడిగింది. నెలసరి ఎప్పుడు నిలిచింది, ఆపరేషన్ ఏ వయసులో అయింది, మీ అమ్మ ఎట్లా ఉండేది, ఏమేం మందులు తింటున్నావు. నా కొంగు ముడి విప్పి పొట్లం చూపించాను. ఆ తెల్ల గోలీని చేతిలో వేసుకుని కిటికీ దగ్గరికి పోయి చూసింది. ఇది ఎన్నాళ్లుగా అని అడిగింది. నా బిడ్డ పెద్దమనిషి కాకముందు నుంచి అన్నాను. ఆమె కుర్చీలో కూర్చుంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. ఆడదాని ఒంట్లో ఊరే ఒక సారం ఎముకను కాపాడుతుందట. అండాశయాలు తీసేస్తే ఆ సారం చిన్న వయసులోనే ఎండిపోతుంది. తల్లికి నడుం వంగితే కూతురికి కూడా ఆ భయం ఉంటుంది. వీటి మీద ఆ తెల్ల గోలీ. అది నొప్పిని అణిచేస్తుంది, బుగ్గను ఉబ్బిస్తుంది, లోపల ఎముకను తింటుంది. బయటికి దూలం దూలంలాగే ఉంటుంది, లోపల చెదలు తిన్నట్టు.

నేను అంతా విని ఒక్క మాట అడిగాను. "నేను నిలబడ్తనా, నిలబడనా? గదొక్కటి చెప్పు మేడం."

"చెప్పినట్టు చేస్తే నిలబడతావమ్మా," అంది. "చేయకపోతే మీ అమ్మ లాగే అవుతావు."

నాకు ఇంకేం వినబడలేదు. ఆమె మీ అమ్మ అన్నది, నాకు మా మరిది నవ్వు వినబడింది.

గోలీలు ఒక్కసారిగా మానొద్దని గట్టిగా చెప్పింది. ఇన్నాళ్లు తిన్న ఒళ్లు ఒక్కసారి మానితే కూలిపోతుందట. తన ముందే కొంచెం కొంచెం తగ్గించి మాన్పించింది. ఆ రోజుల్లో నొప్పులు తిరిగొచ్చి ఏడ్చాను. ఎముక బలం చూసే పరీక్షకు కర్నూలు పంపింది. ఒక బల్ల మీద పడుకోబెట్టారు. పైన ఒక చెయ్యి లాంటిది మెల్లగా పోయి వచ్చింది, నొప్పి లేదు. ఆ కాగితం చూసి, విరిగే దాకా వచ్చింది, ఇక వదిలిపెట్టకూడదు అంది డాక్టరమ్మ.

ఇంటికి వచ్చి నేను చేసిన ప్రతి పనీ వాడి ముఖం కళ్ల ముందు పెట్టుకునే చేశాను. దేవుడి మీద భక్తి ఉన్నవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటారు. నేను వాణ్ణి తలుచుకున్నాను.

మొదట పాలు. నా బర్రె పాలన్నీ క్యాను నింపి పాల కేంద్రానికి పోసేవాళ్లం. ఇంట్లో చాయకు తప్ప చుక్క మిగిలేది కాదు. మా ఊర్లో పాలు పితికే ఆడదానికి పాల రుచి తెలియదు. ఆ రోజు నుంచి ముందు నా చెంబు నిండేది, తర్వాతే క్యాను. నాకు, నా బిడ్డకు. అది చూసి మా మరిది వీధిలో నిలబడి, ముండమోసింది పాలు తాగి ఎవరికి సోకులు చూపిస్తుందో అన్నాడు. నేను వాకిట్లో నిలబడి వాడు చూస్తుండగా ఇంకో చెంబు తాగాను. కడుపులో పట్టలేదు. అయినా తాగాను.

పొద్దున తైదల అంబలి, రాగి అంబలి అంటారు కదా అదే, మజ్జిగ కలుపుకుని. మునగాకు పప్పులో, పొడిలో, రొట్టె పిండిలో. నువ్వులు దంచి బెల్లంతో. కోడి పెట్టిన గుడ్డు అమ్మడం మానేసి మేమే తిన్నాం. సున్నపు గోలీలు డాక్టరమ్మ ఇచ్చినవి వేరే. ఎండ పొద్దునపూట చేతుల మీద, వీపు మీద పడనిచ్చేదాన్ని. రోజూ చెలక దాకా నడిచే పోయేదాన్ని, ఆటో దొరికినా ఎక్కలేదు. కాళ్ల మీద బరువు పడుతుంటేనే ఎముక గట్టిపడుతుందంది ఆమె. బిందె ఎత్తడం కూడా మళ్లీ నేర్చుకున్నాను. నడుం వంచి లాగడం కాదు. మోకాళ్లు వంచి కూర్చుని, బిందెను ఒంటికి ఆనించుకుని, కాళ్ల బలంతో లేవాలి. కలుపుకు కూడా వంగడం మానేసి కూర్చుని తీశాను. ఆడవాళ్లు నవ్వారు. నవ్వనీ. నీళ్లు పోసుకునే జాలారిలో పాచి గీకి పడేశాను. అరిగిన చెప్పులు పారేసి పట్టు ఉన్నవి కొనుక్కున్నాను. పడితే కదా విరిగేది. అసలు పడకూడదు.

అన్నిటికన్నా కష్టం కల్లు మానడం. కూలి నుంచి వచ్చాక ఒక సీసా కల్లు మా దిక్కు ఆడవాళ్లకు కొత్త కాదు. అది ఎముకకు మంచిది కాదు, తూలి పడితే అంతే సంగతి అంది. మొగుడు పోయినప్పుడు కూడా నేను అంత చిరాకు పడలేదు. కల్లు బండి గంట వినబడితే పళ్లు బిగపట్టుకుని మా మరిది అన్న మాట పైకి అనుకునేదాన్ని. నేలను వాసన చూసుకుంట నడుస్తది. బండి పోయేదాకా అనుకునేదాన్ని.

ఇక అసలు సంగతి. డాక్టరమ్మ వారానికి ఒక్కసారి వేసుకునే ఎముక గోలీ ఒకటి రాసింది. దానికి చాలా పట్టింపులు ఉన్నాయి. పొద్దున లేవగానే, పరగడుపున, చెంబెడు మంచినీళ్లతో మింగాలి. చాయ వద్దు, పాలు వద్దు, ఏదీ వద్దు. మింగాక అరగంట నిటారుగా ఉండాలి. పడుకోకూడదు, వంగకూడదు. వంగితే ఆ గోలీ గొంతులోకి వచ్చి పుండు చేస్తుందట. రొమ్ములో మంట పుడితే ఆపేసి తన దగ్గరికి రమ్మంది. వారం మరిచిపోకుండా ఒక రోజు పెట్టుకో అంది. సంత రోజైతే మరిచిపోను కదా అని మంగళవారం పెట్టుకున్నాను.

వాకిట్లో బండ మీద కూర్చున్నాను. పొద్దు అటే పొడుస్తుంది, వాళ్ల ఇంటి దిక్కు. కుడిచేతికి తెల్ల పట్టీ ఉంది కనుక జుట్టు ముడి వేసుకోరాలేదు. బిడ్డ ఇంకా లేవలేదు. జుట్టు విరబోసుకుని, పక్కన రాగి చెంబు పెట్టుకుని, వెన్ను నిలబెట్టి, మాట్లాడకుండా, ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా మా మరిది గడప. వాడు వేపపుల్ల నోట్లో పెట్టుకుని బయటికి వచ్చాడు. నన్ను చూశాడు. నేను కదలలేదు. కదలకూడదు కదా. వాడు పుల్ల నోట్లోనే పెట్టుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

నాకు అప్పుడు ఏమీ తోచలేదు. తర్వాతి మంగళవారం కూడా అట్లాగే కూర్చున్నాను. అట్లాగే తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత వాళ్ల గడపకు బూడిద గుమ్మడికాయ వేలాడింది. నిమ్మకాయలు, మిరపకాయలు వచ్చాయి. వాళ్ల దూడ ఒకటి చచ్చింది. బోరు మోటరు కాలింది. మా వదినె బాణామతి, అంటే చేతబడి, చేస్తున్నదని వాడు అన్నాడు, ఊర్లో మాట పుట్టింది.

ఆ మాట నవ్వే మాట కాదు. మా దిక్కు బాణామతి చేస్తుందని అనుమానం పెట్టి ఆడదాన్ని కట్టేసి పళ్లు ఊడగొట్టిన ఊర్లు ఉన్నాయి. మంత్రం పలకకుండా చేయడానికి అట్ల. చిచ్చా నా ఇంటికి వచ్చి, బిడ్డా, నలుగురిని నేనే పిలుస్తున్న, వాళ్లు వాళ్లు జమ కాకముందే నువ్వొచ్చి చెప్పు అన్నాడు. పోయాను. చావడి ముందు గోలీల అట్ట తీసి వాళ్ల ముందు వేశాను. చిచ్చా కళ్లద్దాలు తుడుచుకుని దాని మీద రాసింది కూడబలుక్కున్నాడు. వనపర్తి మేడం చీటీ కూడా చూశాడు. చూసి కడుపు పట్టుకుని నవ్వాడు.

"దవా మింగి కూసున్నది. గంతే. మీరంత పరేషాన్ అయిండ్రు."

నేను అప్పుడు మా మరిది దిక్కు తిరిగి, అందరి ముందు చెప్పవలసింది చెప్పాను. వాడి మీద ప్రేమతో కాదు. రేపు నాకు చెప్పలేదు అనకూడదని.

"సంత పొట్లంల తెల్ల గోలీ బొక్కలు తింటదట. నా చెయ్యి గట్లనే ఇరిగింది. నువ్వు గుడ తింటున్నవు. ఒక్కపారి బంద్ చేయకు, దవాఖానకు పోయి అడుగు."

వాడు జేబులోంచి పొట్లం తీసి చూపించాడు. "గిది తిని నేను సంచులు మోస్తున్న. నువ్వు నీ గోలీ తిని బండ మీద కూసుంటున్నవు. ఎవరి మందు మంచిదో వీళ్లే చెప్తరు."

నవ్వు మళ్లీ వాడి దిక్కే వచ్చింది. సరే అనుకున్నాను. ఒకసారి చెప్పాను, సాక్షులున్నారు. రెండోసారి చెప్పవలసిన పని నాకు లేదు.

గోలీ అని తెలిసినా వాడి భయం పోలేదు. మంగళవారం పొద్దు పైకి వచ్చేదాకా తలుపు తీసేవాడు కాదు. చేతి పట్టీ తీసేశారు. జుట్టు ముడి వేసుకోవచ్చు. నేను వేసుకోలేదు. వారమంతా ముడి వేసుకునేదాన్ని, మంగళవారం పొద్దున విప్పేదాన్ని. మందుకు జుట్టుతో పని లేదని నాకు తెలుసు. వాడికి తెలియదు.

అట్లా ఏండ్లు పోయాయి. నా వెన్ను నిలబడింది. రెండోసారి కర్నూలు పరీక్షలో ఎముక బలం పడిపోవడం ఆగింది, కొంచెం లేచింది కూడా అన్నారు. బిడ్డ గద్వాలలో చదువుకుని నర్సు పని నేర్చుకుంది. చెలకలో పల్లీ, మడిలో వరి నా కాళ్ల మీదే పండాయి. సంవత్సరానికి ఒకసారి పల్లీ పీకేటప్పుడు మా మరిది గట్టు మీద నిలబడి నా నడుం దిక్కు చూసేవాడు. నేను కావాలని నిటారుగా నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని, వాడు పోయేదాకా అట్లాగే ఉండేదాన్ని.

ఒక వానకాలం ముందు వాడు ట్రాక్టరు దిగుతూ పడ్డాడు. ట్రాక్టరు నడవడం కూడా లేదు, నిలబడి ఉంది. ఒక మెట్టు. తుంటి విరిగింది. కర్నూలులో లోపల ఇనుము వేశారు. అక్కడి డాక్టర్లు ఏం మందులు తిన్నావని అడిగారట. వాడి పెండ్లాం పొట్లం చూపించిందట. నాకు వనపర్తి మేడం చెప్పిన మాటే వాళ్లు కూడా చెప్పారని ఆమె నాకు తర్వాత చెప్పింది. ఇంటికి తెచ్చి మంచం వాకిట్లో, పంచ కింద వేశారు. ఎదురుగా నా బండ.

వాడు కూర్చోగలిగే దాకా ఆగాను. తర్వాత నేనే పోయి పెద్దమనుషులను పిలిచాను. వాడు చావడికి రాలేడు కనుక వాడి వాకిట్లోనే కూర్చున్నారు. చిచ్చా ముసలివాడయ్యాడు, కుర్చీ వేశారు. నన్ను కూసో బిడ్డా అన్నాడు.

"నిలబడొచ్చిన చిచ్చా. నిలబడే మాట్లాడ్త."

నా మొగుడి దినాలప్పుడు ఒక మాట అయింది, ఆ మాట ఏందో చెప్పమనండి అన్నాను. వాడు పంచ వాసాల దిక్కు చూశాడు.

"పాత మాటలెందుకు, వదినే."

"నాకు గది దినాం కొత్తదే."

వాడు చెప్పలేదు. చిచ్చా చెప్పాడు. కాళ్ల మీద నిలబడ్డన్ని దినాలు అన్నవు బేటా, నేనున్న గాడ అన్నాడు. అప్పుడు నేను అడిగాను. ఇన్నేండ్లు నోట్లో నానబెట్టుకున్న మాటలు, ఒకటి కూడా తడబడలేదు.

"ఆడదానికి పెట్టిన మాట మొగోనికి లేదని ఆ దినం ఎవరన్న అన్నరా? అనలే. ఇయ్యాల నిలబడరానిది ఎవరు? మడి, చెలక నాకు ఇయ్యుమనుండ్రి. నేను చూసుకుంట. ఇంత బువ్వ నేనే పెడ్త."

లోపల వాడి పెండ్లాం ఏడవడం వినబడింది. వాడు మంచం పట్టె పట్టుకున్నాడు.

"పిల్లలున్నరు, వదినే."

"నాకుండె ఒక్కతి. ఆ దినం నీ కండ్లకు ఆనలేదు."

వాడి భూమి నాకు నిజంగా కావాలా అంటే, అక్కర్లేదు. నా భూమి చేసుకోవడమే నాకు చాలు. కానీ భూమి కాళ్ల కిందినుంచి జారుతుంటే మనిషికి ఎట్లా ఉంటుందో వాడికి ఒక్క పూట తెలియాలి. దాని కోసం నేను అన్నేండ్లు పాలు తాగాను. పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన, తప్పైందని ఒప్పుకుంటాడు, విడిచిపెట్టమ్మా అన్నాడు.

"తప్పు నాకొద్దు. మాట వాపస్ గావాలె. నిలబడి అన్నడు, నిలబడే తీసుకోవాలె."

కర్నూలు నుంచి తెచ్చిన ఇనుప చట్రం మంచం పక్కనే ఉంది. వాడు దాన్ని పట్టుకున్నాడు. పెండ్లాం వచ్చి చంకలో చెయ్యి వేయబోతే వద్దన్నాడు. అంత మగతనం మిగిలింది. లేవడానికి చాలాసేపు పట్టింది. చెమటలు కారాయి. అందరూ తలలు దించుకున్నారు. నేను దించుకోలేదు. వాడు లేచిన ప్రతి జానా చూశాను. నిలబడ్డాక వాడి నడుం సగం వంగే ఉంది. నేలను చూస్తూ చెప్పాడు.

"వదినె నిలబడ్డా, మంచాన పడ్డా, ఆమె భూమి ఆమెదే. ఆమె యెనక బిడ్డది."

"గట్టిగ," అన్నాను.

మళ్లీ చెప్పాడు. కూర్చున్నాడు. నేను చిచ్చాకు దండం పెట్టి వచ్చేశాను. జాలి కలగలేదా అని రాసేవాళ్లు అడుగుతున్నారు. కలగలేదు. అట్లాగే రాయండి.

వారం తిరగకముందే నా తోటికోడలు కొంగు నోట్లో పెట్టుకుని నా ఇంటికి వచ్చింది. అక్కా, నాకు గుడ పెద్దాపరేషన్ అయింది, నేను గుడ పొట్లం తిన్న అంది. ఆమెతో నాకు పగ లేదు. దవాఖానకు నేనే తీసుకుపోయాను. పాలు ముందు చెంబులో, తర్వాత క్యానులో అని చెప్పాను. బిందె ఎట్లా ఎత్తాలో చూపించాను. ఇప్పుడు వాళ్లింట్లో కూడా ముందు ఆమె చెంబే నిండుతుంది. మంచం మీదినుంచి వాడు చూస్తుంటాడు. ఒక్క మాట అనలేడు.

ఆ ఏడే డాక్టరమ్మ నా ఎముక గోలీ ఆపేసింది. ఇన్నేండ్లు వేసుకున్నావు, ఇంక కొన్నాళ్లు ఆపి చూద్దాం, తిండి, ఎండ, నడక మాత్రం ఆపొద్దు అంది. సరే అన్నాను.

వచ్చిన మంగళవారం పొద్దున్నే లేచాను. జుట్టు విప్పుకున్నాను. చెంబెడు నీళ్లు తాగి, వెన్ను నిలబెట్టి బండ మీద కూర్చున్నాను. గోలీ లేదు. ఎదురుగా పంచ కింద వాడు కళ్లు తెరిచి నన్ను చూశాడు. పెండ్లాన్ని పిలిచి ఏదో అన్నాడు. ఆమె, వాళ్ల పిల్లలు కలిసి మంచాన్ని ఎత్తి, ముఖం గోడ దిక్కు వచ్చేటట్టు తిప్పి వేశారు.

అప్పటినుంచి ప్రతి మంగళవారం వాడి వీపు కనబడుతుంది. నేను బండ జరపలేదు. ఎండ అటునుంచే వస్తుంది.